ముట్లుడిగిన స్త్రీ నిరుపయోగురాలా?

మన సంఘమున స్త్రీ విలువను ఆమె గర్భముతో కొలుచు అలవాటు మిక్కిలి పాతది. బిడ్డలు కలుగనిచో గొడ్రాలనుట, కూతుండ్రే కలిగినచో నిట్టూర్చుట, భర్త గతించినచో మూలకు త్రోయుట, ముట్లుడిగినచో "ఇంక దానితో పనియేమి" యనుట, ఇవి యన్నియు ఒకే చెట్టు కొమ్మలు. వానిలో నొక పెద్దకొమ్మను నరకుటకు కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. నాటికిని నేటికిని నూటనలువదియేండ్లకు పైగా గడచినవి. కాని పైన చెప్పిన కొమ్మలలో కడపటిది నేటికిని పచ్చగనే యున్నది. పచ్చగ నుండుటయే కాక, వైద్యశాస్త్రమను ఎరువును పోసికొని క్రొత్త చివుళ్లు వేయుచున్నది. దానిని గూర్చియే మేమీ వ్యాసమున వాదింప బూనితిమి.

మా జంగారెడ్డిగూడెము మెట్టప్రాంతపు పట్టణము. పొగాకు వేలము కేంద్రములకు పేరుపడినది. చుట్టుపట్ల పల్లెల స్త్రీలు ఆకు విరుపు మొదలు గ్రేడింగు వరకును పొగాకు పనులలోను, జీడితోటలలోను, పామాయిలు తోటలలోను ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు పాటుపడుదురు. వారు నలుగురు కూడి కూర్చున్నచోట చెవియొగ్గి వినుడు. ముప్పదియైదేండ్లు నిండని యిల్లాలు పొత్తికడుపుపై చేయివైచికొని "నాకును గర్భసంచి తీసివేసినారు" అని చెప్పుట ఈ ప్రాంతమున నెవరికిని వింతగా తోచుట లేదు. పుల్లపన్ను పీకించుకొన్నట్లు చెప్పుదురు. విన్నవారును అట్లే విందురు. మాకు భయము గొల్పునది ఆ శస్త్రచికిత్సకంటె ఈ వింత తోచకపోవుటయే.

ఇది మా యూరి మాట మాత్రమే కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవారు 2015-16లో మొదటిసారిగా ఈ ప్రశ్న నడిగిరి. 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో గర్భకోశము తీసివేయబడినవారు దేశమంతటను కలిపి నూటికి 3.2 వంతున ఉండగా, ఆంధ్రప్రదేశమున 8.9 వంతున నుండిరి. దేశమునకెల్ల మొదటి స్థానము మనది. రెండవ స్థానము మన సోదర రాష్ట్రమగు తెలంగాణముది. 2019-21 నాటి సర్వేలోను ఈ వరుస మారలేదు. చదువరులు ఒక్క మాటను గమనింపవలెను. ఆ లెక్కలో పదునైదేండ్ల బాలికలును, నిన్న మొన్న కాపురమునకు వచ్చిన కోడండ్రును చేరియున్నారు. నలువది దాటినవారిని మాత్రమే విడదీసి లెక్కించినచో ఆ వంతు ఎంత పెరుగునో చదువరులే యూహింపవచ్చును. ఈ శస్త్రచికిత్సలలో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. కారణము చెప్పుమనగా సగముమందికి పైగా రక్తస్రావము, నొప్పి యనియే చెప్పిరి. అనగా ముందుగా మందులతో నయము చేయ జూడదగిన బాధలకే కత్తి వాడబడుచున్నదని అనుమానింప హేతువు గలదు.

ఈ దురాచారమునకు మూలమైన అబద్ధములు రెండు. బిడ్డలు కలిగిన పిదప గర్భకోశముతో పనిలేదనునది మొదటిది. కనుట మానిన స్త్రీతోనే పనిలేదనునది రెండవది. మొదటిది నోట పలుకబడును. రెండవది మనస్సున దాగియుండును. వేరు రెండవదే గనుక దానినే ముందు పెకలింతము.

"ప్రకృతి స్త్రీని కనుటకే సృష్టించినది, కనుట ముగిసిన పిమ్మట ప్రకృతికే ఆమె యక్కరలేదు" అని మన ప్రతిపక్షులు శాస్త్రజ్ఞులవలె పలుకుదురు. మంచిది. ప్రకృతిని సాక్ష్యమునకు పిలిచినవారు వారే గనుక, ఆ సాక్షి చెప్పునది పూర్తిగా వినుటకు వారు సిద్ధపడవలెను.

ఉత్తర అమెరికా పడమటి తీరమున, కెనడాకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమ గల చల్లని సముద్రమున ఓర్కాలను జలచరములు గుంపులుగా నివసించుచున్నవి. వీనిని కిల్లర్ తిమింగిలములని లోకులందురు గాని, నిజమునకివి డాల్ఫిను కుటుంబములో మిక్కిలి పెద్దవి. నలుపు తెలుపుల దేహము, వీపుపై నిటారుగా నిలుచు రెక్క వీని గుర్తులు. ఆ రెక్కమీది గంట్లును, దాని వెనుకనుండు బూడిదరంగు మచ్చయు ఏ రెండింటికిని ఒక్కతీరున నుండవు. మైకేలు బిగ్ అను కెనడా శాస్త్రజ్ఞుడు 1970 దశకపు తొలి సంవత్సరములలో ఆ గుర్తులను ఫోటోలు తీసి, ప్రతి ఓర్కాకును ఒక చిట్టా నేర్పరచెను. కెన్ బాల్కోంబ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1976 మొదలు ఆ పనిని దక్షిణపు గుంపులలో సాగించెను. నాటినుండి ఏ తల్లి ఎప్పుడు ఈనినది, ఏ బిడ్డ బ్రదికినది, ఏ అవ్వ ఎప్పుడు గతించినది అను వంశవృత్తాంతము ఏటేట వ్రాయబడుచు వచ్చినది. మనలో పెక్కు కుటుంబములవారు తమ ముత్తవ్వ పేరు చెప్పలేరు. ఈ జలచరములకు మాత్రము అయిదు దశాబ్దముల వంశావళి యున్నది.

ఆ చిట్టాలవలన తేలిన సంగతులివి. ఆడు ఓర్కా పది పదునాలుగేండ్ల నడుమ యుక్తవయస్సునకు వచ్చును. దానికి మనుష్య స్త్రీకివలె ముట్టు లేదు. అండము విడుదలయగుట మాత్రము కలదు. గర్భము సుమారు పదునేడు మాసములు మోయును. ఒక్క కాన్పునకు ఒక్క బిడ్డయే. బిడ్డకు ఏడాదికి పైగా పాలిచ్చును. కాన్పునకును కాన్పునకును నడుమ అయిదేండ్ల యెడము సాధారణము. ఇట్లు ఆయువంతయు కలిపి కొద్దిమంది బిడ్డలనే కని, సుమారు నలువదియేండ్ల ప్రాయమున కనుట చాలించును. కాని బ్రదుకుట చాలింపదు. అటుపై ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నలువది యేండ్లు కూడ జీవించును. మగ ఓర్కాలలో ముప్పదియేండ్లు దాటి చాలకాలము బ్రదుకునవి తక్కువ.

ఇది జంతులోకమున మిక్కిలి అరుదు. ఏనుగు ఇంచుమించుగా ఆయువు తుదివరకును ఈనుచునే యుండును. కనుట మానిన పిదప దీర్ఘకాలము జీవించుట దంతములుగల తిమింగిలజాతులలో ఓర్కాతో కలిపి అయిదింటను, మనుష్యులలోను స్పష్టముగా కనబడినది. ఉగాండా దేశపు అడవిలోని ఒక చింపాంజీల గుంపునందును ఇట్టిది కలదని 2023లో ప్రకటింపబడినది. ఆ అయిదు తిమింగిలజాతులను తక్కిన జాతులతో పోల్చి 2024లో ప్రకటింపబడిన పరిశోధనము మరియొక విశేషమును తెల్పినది. ఆ జాతుల ఆడువాని సంతానకాలము తగ్గి ముట్లుడుగుట ఏర్పడలేదు. సంతానకాలము తక్కిన జాతులవలెనే యుండగా ఆయువు మాత్రము సుమారు నలువదియేండ్లు పొడిగింపబడినది. చదువరులారా, ఈ భేదమును నిదానించి చూడుడు. ముదిమి అనునది సంతానకాలము పోగా మిగిలిన పిప్పి కాదు, దానిపైని చేర్చబడిన అదనపు ఆయువు. ప్రకృతికి అక్కరలేనిదైనచో ప్రకృతి దానినేల చేర్చును?

ఏల చేర్చినదో ఆ చిట్టాలే చెప్పుచున్నవి. ఈ ఓర్కాలకు సాల్మన్ చేపలు, అందును చినూక్ జాతివి, ముఖ్యాహారము. చేపల వేటలో గుంపునకు ముందు నడచునవి తరచుగా కనుట మానిన ఆడువియే యని 2015లో ప్రకటింపబడినది. చేపలు కరవైన యేండ్లలో వాని నాయకత్వము మరింత స్ఫుటముగా కనబడినది. ఏ ఋతువున ఏ కయ్యలోనికి చేప వచ్చునో, కరవునాడు ఎక్కడ వెదుకవలెనో తెలిసినది పెక్కు కరవులు చూచిన ముసలిదే కదా. మన పెద్దలు మాట చద్దిమూట యన్నారు. ఓర్కాలు ఆ మూటను విప్పుకొని తినుచున్నవి.

ముప్పదియేండ్లు దాటిన మగ ఓర్కాకు తల్లి చనిపోయినచో, మరుసటి యేడాదిలోపల వాడు మరణించు ప్రమాదము సుమారు 14 రెట్లు హెచ్చునని 2012లో తేలినది. అదే వయస్సు గల కూతురికి ఆ ప్రమాదము మూడు రెట్లకు లోపే. అవ్వ గతించిన రెండేండ్లలోపల మనుమలు మనుమరాండ్రు చనిపోవు ప్రమాదము 4.5 రెట్లు హెచ్చునని 2019లో ప్రకటించిరి. కనుట మానిన అవ్వవలన కలుగు మేలు, ఇంకను కనుచున్న అవ్వవలన కలుగు మేలుకంటె అధికమని కూడ ఆ పరిశోధనమే చెప్పినది. ఆమె చేతులు ఖాళీ యగుటయే మనుమలకు భాగ్యమన్నమాట.

మరి యేల కనుట మానవలెను? కనుచునే సాయము చేయరాదా? దీనికిని సమాధానము కలదు. ఓర్కాలలో కొడుకును కూతురును కూడ తల్లిని విడిచిపోరు. కొడుకు పరాయి గుంపులోని ఆడుదానితో జతగూడినను మరల తల్లికడకే వచ్చును. కావున ఆడు ఓర్కాకు వయస్సు పెరిగినకొలది గుంపులో తనవారు పెరుగుదురు. అట్టియెడ తల్లియు కూతురును ఒకేకాలమున కనినచో తిండికి పోటీ యేర్పడును. నలువదిమూడేండ్ల లెక్కలు చూచి 2017లో ప్రకటించినదేమనగా, అట్టి పోటీలో పెద్దదాని బిడ్డ మరణించు ప్రమాదము చిన్నదాని బిడ్డకంటె 1.7 రెట్లు హెచ్చు. అందుచేత పెద్దది తప్పుకొనును. కోడలు కాపురమునకు వచ్చిన తరువాత అత్త కడుపుతో నుండుట మన యిండ్లలో సిగ్గుగా నెంచుదురు. మనవారు సిగ్గనునది, ఓర్కాలయందు గుంపును నిలుపు ఏర్పాటైనది.

మనుష్యులలోను ఇట్టి సాక్ష్యము లేకపోలేదు. పూర్వకాలపు ఫిన్లండు, కెనడా దేశముల చర్చి చిట్టాలను పరిశోధించి, ఏబదియేండ్లు దాటిన పిదప స్త్రీ జీవించిన ప్రతి పదియేండ్లకును ఆమెకు ఇద్దరు మనుమలు అదనముగా కలిగిరని 2004లో ప్రకటించిరి. టాంజానియాలోని హడ్జా జాతి అవ్వలు దుంపలు త్రవ్వి తెచ్చి మనుమలను పోషించుటను క్రిస్టెన్ హాక్స్ అను విదుషీమణి చిరకాలము పరిశీలించి లోకమునకు చాటినది. దుంపలు త్రవ్వు అవ్వను చూచుటకు మనము ఆఫ్రికా పోనక్కరలేదు. బుట్టాయగూడెము, పోలవరము కొండలలోని కోయ, కొండరెడ్డి గూడెములలో నడవి దుంపల జాడ ఎరిగిన ముసలమ్మలు మనకు పొరుగువారే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వచ్చునని మేమెరుగుదుము. "జంతువులను చూచి మనుష్యులు నీతి నేర్వవలెనా?" యని యొకరు. నేర్వనక్కరలేదు. ఓర్కా తల్లి కొడుకునకు పెద్దయైన పిదపను చేపను చీల్చి పెట్టును; బ్రదికియున్న ఒక్కొక్క కొడుకువలన ఆమెకు మరియొక బిడ్డ దక్కు అవకాశము సుమారు సగమునకు పడిపోవునని 2023లో ప్రకటించిరి. ఆ పుత్రవ్యామోహము మనకు చాలినంత యున్నది. సముద్రమునుండి దిగుమతి చేసికొన నవసరము లేదు. మేము ఓర్కాను గురువుగా పిలువలేదు, సాక్షిగా పిలిచితిమి. ప్రకృతి ముసలిదానిని పారవేసినదని ప్రతిపక్షి యనెను, సాక్షి కాదనెను. అంతవరకే మాకు దానితో పని.

రెండవ ఆక్షేపణ మరింత తీయనిది, కావున మరింత అపాయకరమైనది. "అవును, అవ్వ మిక్కిలి ఉపయోగపడును, పిల్లలను చూచును, వంట చేయును, మేము ఉద్యోగములకు పోవచ్చును" అని కొందరు విద్యావంతులు సంతోషింతురు. అయ్యలారా, ఓర్కా అవ్వ ముందు నడచును. గుంపు ఆమె వెనుక నడచును. మన యిండ్లలో అవ్వకు పని యున్నది, పెత్తనము లేదు. ఊయల త్రాడు ఆమె చేతిది, పెట్టె తాళము కొడుకు చేతిది. ఆమె చాకిరిని ప్రకృతిధర్మమని పుచ్చుకొని, ఆమె మాటను ముసలి సణుగుడని త్రోసివేయువారు మా పక్షమువారు కారు. ఏ పనియు చేయలేక మంచము పట్టిన ముసలమ్మకును అన్నము, మందు, మన్నన పొందు హక్కు కలదు. ఆ హక్కునకు ఉపయోగమను హామీపత్రము చూపనక్కరలేదు.

ఇక మొదటి అబద్ధమునకు వత్తము. బిడ్డలు కలిగిరి గనుక గర్భసంచి ఉత్త సంచియేనా? కాదు. గర్భకోశమునకు నెత్తురు తెచ్చు నాళముల కొమ్మలే అండాశయములకును కొంత నెత్తురు నందించును. అండాశయములను ఉంచి గర్భకోశమును మాత్రమే తీసినను, ముట్లుడుగుటవలన వచ్చు మార్పులు కొందరికి ముందుగనే వచ్చును. అండాశయములను కూడ చిన్నవయస్సున తీసివేసినచో ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు మున్నగు వాని భయము హెచ్చును. ఓర్కాకు ప్రకృతి నలువదియేండ్ల పిమ్మట నిచ్చిన విశ్రాంతి వేరు. ముప్పదియేండ్ల స్త్రీకి కత్తి బలవంతముగా తెచ్చిపెట్టిన వార్ధక్యము వేరు. మొదటిదానివలన ఆయువు పొడిగింపబడినది. రెండవదానివలన ఎముకయు గుండెయు ముందుగా అరుగుచున్నవి.

గర్భకోశమును తీయవలసిన రోగములే లేవని మేమనము. క్యాన్సరు సోకినప్పుడు, పెద్ద గడ్డలు పెరిగి మందులకు లొంగనప్పుడు, ప్రాణాంతకమైన రక్తస్రావము కలిగినప్పుడు ఆ శస్త్రచికిత్స ప్రాణదానమే; అట్టి వైద్యులకు మా నమస్కారములు. మేము నిందించునది తెల్లబట్ట యగుచున్నదని వచ్చిన స్త్రీకి "ఇది ముదిరి క్యాన్సరగును" అని బెదరించి బల్లనెక్కించు వ్యాపారమును. రోగిని తెచ్చినందులకు దళారికి ముట్టజెప్పు వాడుకను. తెల్లబట్ట పెక్కుమందికి మందులతో మానును. అధిక రక్తస్రావమునకు మాత్రలు కలవు, హార్మోను గల లూపు కలదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును ముందుగా పసికట్టుటకు పరీక్షలు కలవు. రాకుండ చేయుటకు బాలికలకు టీకా కలదు.

మరి స్త్రీలే తమంతట అడిగి తీయించుకొనుచున్నారు కదా యని వైద్యులందురు. ఏల అడుగుచున్నారో వారు విచారించిరా? ముట్టైన మూడునాళ్లు పనికి పోనిచో కూలి పోవును. పోయినచో చేలలో మరుగుదొడ్డి లేదు, నీళ్లు లేవు. ఇంట నున్నచో దూరము కూర్చుండుమందురు. ఈ బాధలన్నిటికిని ఒకే దెబ్బకు విముక్తి యని ఆమె యెంచును. మహారాష్ట్రమున బీడ్ జిల్లా చెరకుకోత కూలి స్త్రీలలో ఇట్లే పెక్కుమంది గర్భకోశము తీయించుకొన్నట్లు 2019లో బయటపడి దేశమంతయు విస్తుపోయినది. ముట్టును మైలయని మనము నేర్పితిమి, కూలిని కోతపెట్టితిమి, మరుగుదొడ్డి కట్టలేదు, పిదప ఆమెయే కోరినదనుచున్నాము! ఇట్టి కోరికను స్వేచ్ఛ యనుట న్యాయమా?

తిండి మాటయు విడువరాదు. దక్షిణపు ఓర్కాల మలమును శిక్షితమైన కుక్కల సాయముతో సముద్రముపై వెదకి పట్టి, అందలి హార్మోనులను పరీక్షించి 2017లో ప్రకటించినదేమనగా, 2008-2014 నడుమ తెలియవచ్చిన గర్భములలో నూటికి 69 వరకు నిలువలేదు. చేపల కరవే అందులకు ముఖ్యకారణము. ఆ గుంపులోనిదే యగు ఒక తల్లి 2018లో చనిపోయిన బిడ్డను పదునేడు దినములు తలపై మోసికొని తిరిగినది. ఆ వార్తకు లోకమంతయు కన్నీరు కార్చెను. మన రాష్ట్రమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదని 2019-21 సర్వే చెప్పినది; దానికి కన్నీరు కార్చినవారు తక్కువ. అందరికిని వడ్డించి అడుగంటినది తినునట్టి ఆచారము మానకుండ, రక్తము చాలని దేహమునుండి ఒక్కొక్క అవయవమే కోసి తీయుట వైద్యమెట్లగును?

2013లో దాఖలైన వ్యాజ్యముపై భారత సర్వోన్నత న్యాయస్థానము 2023 ఏప్రిలు 5వ తేదీన తీర్పు చెప్పుచు, అనవసరపు గర్భకోశ శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్రప్రభుత్వము 2022లో చేసిన నియమములను మూడు మాసములలో అమలుపరుపవలెనని రాష్ట్రముల నాజ్ఞాపించినది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పర్యవేక్షక సంఘము లుండవలెను. నియమము కాగితముపై నున్నంతమాత్రమున కత్తి ఆగదు. ఏ జిల్లాలో, ఏ వయస్సువారికి, ఏ కారణమున ఎన్ని శస్త్రచికిత్సలు జరిగినవో ఏటేట ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. దేశమునకెల్ల మొదటి స్థానమున నిలిచిన రాష్ట్రమున ఈపాటి లెక్క నడుగుట అత్యాశ కాదు.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. ఇంటివారు చేయవలసినది ఇంటివారిదే. పొదుపుసంఘముల సోదరీమణులారా, అప్పు వాయిదాల మాటతో పాటు ఈ మాటయు మీ సమావేశమున చర్చింపుడు. గర్భసంచి తీయవలెనని ఎవరైన చెప్పినచో నాలుగు ప్రశ్నలడిగి గాని సంతకము పెట్టకుడు. రోగము పేరేమి? స్కానింగులోను పరీక్షలోను ఏమి కనబడినది? మందులతో ఎన్నిమాసములు ప్రయత్నించితిరి? అండాశయములను ఉంచుదురా, తీయుదురా? పిదప ఆ కాగితములను ఆ యాసుపత్రితో సంబంధములేని మరియొక వైద్యురాలికి చూపుడు. పురుషులారా, భార్య వెంట మీరును పోయి ఆ ప్రశ్నలు వినుడు. ట్రాక్టరు రిపేరునకు ముగ్గురు మేస్త్రీల నడుగువారు దీనికి ఒక్కని మాటతో తృప్తిపడరాదు. అత్తలారా, ముట్టైన కోడలిని దూరము కూర్చుండుమనుట మానుడు. మీ నోట ఒక్కసారి "ఇంక దానితో పనియేమి" యను మాట వెలువడినచో, అది కోడలి గర్భకోశముతో నిలువదు. రేపు మీ మంచముకడకును వచ్చును.